స్లో కుక్కర్ మన వంటకు పనికొస్తుందా? పొద్దున కాదు, రాత్రి పెట్టి చూడండి

చెల్లెమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. పర్లాకిమిడిలో ఉంటున్నారు. మీరు బడిలో టీచరు, మీ వారు రోజూ పాతపట్నం వెళ్ళి వస్తారు, ఇద్దరు పిల్లలు. మీ ఆడపడుచు దుబాయి నుంచి స్లో కుక్కర్, అదే సన్నటి సెగ మీద గంటల తరబడి వండే కరెంటు కుండ, తెచ్చి ఇచ్చింది. పొద్దున ఏడున్నరకు కందిపప్పు, టమాటా, చింతపండు, ఉప్పు, నీళ్ళు అన్నీ పోసి, 'లో' (తక్కువ సెగ) మీద పెట్టి బడికి వెళ్ళారు. సాయంత్రం వచ్చి మూత తీస్తే పప్పు బద్దలు బద్దలుగానే ఉంది, నీళ్ళు మాత్రం పుల్లగా ఉన్నాయి. "వీడియోల్లో అన్నీ వేసేసి వెళ్ళిపొమ్మంటారు. ఇది అసలు మన వంటకు పనికొచ్చే వస్తువేనా, అటక ఎక్కించెయ్యనా?" అని అడిగారు.

అటక ఎక్కించకండి. మా ఇంట్లో ఈ కుండ వచ్చి పదకొండేళ్ళయింది. నేను బరంపురంలో ఆసుపత్రి నర్సుగా ముప్పై ఏళ్ళు చేసి దిగాను, అందులో సగం రాత్రి డ్యూటీలే. మొదటి ఏడాది నేనూ దీన్ని మీలాగే తిట్టుకున్నాను. తర్వాత తెలిసింది, కుండలో లోపం లేదు, నేను దాన్ని పెట్టే వేళలోనే ఉందని. ఆ సంగతికి వస్తాను. ముందు మీ పప్పు గొడవ తేల్చేద్దాం.

మీరు అక్షరాలా పప్పులో కాలేశారు, కానీ తప్పంతా మీది కాదు. నాలుగు కారణాలు ఒక్కసారే కలిసొచ్చాయి. పులుపు తగిలితే పప్పు మెత్తబడదు. ప్రెషర్ కుక్కర్లో ఆవిరి బలం మీద ఎలాగో లాక్కొస్తుంది గానీ, ఈ కుండలో ఆ బలం లేదు. చింతపండు, టమాటా ఎప్పుడూ చివరనే వెయ్యాలి. రెండోది, నానబెట్టని పప్పు. మూడోది, కుళాయి నీళ్ళు. చల్లటి నీళ్ళు వేడెక్కడానికే ఈ కుండకు రెండు మూడు గంటలు పడుతుంది, మీరనుకున్న ఎనిమిది గంటల్లో అవి పోయినట్టే. ఎప్పుడైనా మరిగిన నీళ్ళే పొయ్యండి.

నాలుగోది ఎవరూ చెప్పరు. వోల్టేజీ. మీ కుండ 200 వాట్లదనుకోండి. ఆ లెక్క 230 వోల్టులు వస్తేనే. మీ వీధిలో 180కి పడిపోతే కుండ ఇచ్చేది 120 వాట్ల పైచిలుకే. వోల్టేజీ అయిదో వంతు తగ్గితే వేడి అయిదింట దాదాపు రెండు వంతులు తగ్గిపోతుంది, ఎందుకంటే వేడి వోల్టేజీ వర్గాన్ని బట్టి మారుతుంది. గ్యాసు పొయ్యి మీద మంట తగ్గితే కంటికి కనిపిస్తుంది. దీని మీద ఏమీ కనిపించదు, దీపం మాత్రం బాగానే వెలుగుతూ ఉంటుంది. మనలా ఆంధ్రా-ఒడిశా సరిహద్దు ఊళ్ళలో ఉన్నవాళ్ళకు నేను చెప్పకుండానే తెలిసిన బాధ ఇది.

అందుకని ఏ వంటా చెయ్యకముందు ఒక నీళ్ళ పరీక్ష చెయ్యండి. కుండలో సగం పైన మామూలు నీళ్ళు పోసి, మూత పెట్టి, 'లో' మీద ఎనిమిది గంటలు వదిలెయ్యండి. వంటకు వాడే థర్మామీటరు ఒకటి కొనుక్కోండి (జ్వరం చూసేది కాదు, అది పగిలిపోతుంది). మూత తీసిన వెంటనే చూస్తే 85 డిగ్రీల పైన ఉండాలి. 85కీ 93కీ మధ్య ఉంటే కుండ ఆరోగ్యంగా ఉన్నట్టు. అంతకు తక్కువ వస్తే 'లో' మాట మరిచిపోయి 'హై' మీదే వండుకోవాలి, లేదా ఇంట్లో ఇంకో సాకెట్ చూడాలి. ఆ 85 అనే అంకె ఎందుకంటే, కూరగాయలు మెత్తబడటం అక్కడి నుంచే మొదలవుతుంది. మాంసంలోని పీచు 70 దగ్గరే కరగడం మొదలుపెడుతుంది. అందుకే ఈ కుండలో ఒక విచిత్రం చూస్తారు: మటన్ వెన్నలా ఉడికిపోతుంది, పక్కనే ఉన్న బంగాళాదుంప మాత్రం కరకరమంటుంది. దుంపలు ఎప్పుడూ అడుగున, గోడలకు ఆనించి పెట్టాలి. వేడి వచ్చేది అక్కడి నుంచే.

దుబాయి నుంచి వచ్చింది కాబట్టి వోల్టుల విషయంలో మీరు అదృష్టవంతులు, అక్కడా మనలాగే 230 దగ్గరే. అమెరికా నుంచి ఎవరైనా తెస్తే అది 120 వోల్టులది, నేరుగా గుచ్చితే మాడిపోతుంది. కానీ మీ ప్లగ్గుకు చదును కాళ్ళుంటాయి, మన సాకెట్లో పట్టదు. ఇరవై రూపాయల కన్వర్టర్ పిన్ను పెట్టి రాత్రంతా నడపొద్దు. వదులుగా ఉన్న పిన్ను వేడెక్కి కరుగుతుంది. ఎలక్ట్రీషియన్ని పిలిచి ప్లగ్గే మార్పించుకోండి, పది నిమిషాల పని.

ఇక వేళ సంగతి. ఈ కుండతో వచ్చే పుస్తకాలూ వీడియోలూ అన్నీ ఒకే మాట చెబుతాయి: పొద్దున పెట్టండి, సాయంత్రం వచ్చి తినండి. అది పగలు రొట్టె ముక్క తిని, రాత్రి పెద్ద భోజనం చేసేవాళ్ళ లెక్క. మన ఇళ్ళలో వంట గండం సాయంత్రం కాదు, పొద్దున. ఏడు గంటలకల్లా నాలుగు కేరేజీలు కట్టాలి. అంటే కూర ఉడకాల్సింది మనం నిద్రపోయేటప్పుడు. రాత్రి తొమ్మిదిన్నరకు పెడితే పొద్దున అయిదున్నరకు ఎనిమిది గంటలు నిండుతాయి. లేచి అన్నం కుక్కర్ పడేసి, కుండలో ఉన్నదానికి పోపు పెడితే అయిపోయింది. అదీగాక అర్ధరాత్రి ఊరంతా పడుకున్నాక వోల్టేజీ బాగుంటుంది. అన్నిటికన్నా ముఖ్యం, మీరు ఇంట్లో ఉంటారు. కరెంటు పోతే ఫ్యాను ఆగుతుంది, ఫ్యాను ఆగితే మన కోస్తా ఉక్కలో ఎవరికైనా మెలకువ రాక తప్పదు. అంతకన్నా మంచి అలారం లేదు.

ఈ కరెంటు విషయంలో నేను కాల్చుకున్న చెయ్యి ఒకటుంది, చెప్పాలి. కొత్తల్లో డ్యూటీకి వెళ్తూ కిలో మటన్ పెట్టి వెళ్ళాను. నాది బటన్లు నొక్కే డిజిటల్ రకం. మధ్యలో కరెంటు పోయింది, తిరిగి వచ్చింది. కుండ మాత్రం మళ్ళీ దానంతట అది మొదలవలేదు, చీకటి తెరతో అలాగే కూర్చుంది. నేను ఇంటికి వచ్చేసరికి గోరువెచ్చగా ఉంది. ఎన్ని గంటలు అలా ఉందో తెలియదు. మా అత్తగారు "మళ్ళీ బాగా మరిగించెయ్యి, ఏం కాదు" అన్నారు. నర్సుని కాబట్టి ఒప్పుకోలేదు. 60 డిగ్రీలకు దిగువన, గోరువెచ్చటి తిండిలో క్రిములు పెరుగుతాయి. వాటిలో కొన్ని వదిలే విషం ఆ తర్వాత ఎంత మరిగించినా పోదు. కిలో మటన్ పారబోశాను. ఆ రోజు మా ఇంట్లో జరిగిన మాటల యుద్ధం ఇక్కడ రాయను.

ఆ తర్వాత చేత్తో పిడి తిప్పే మామూలు రకం కొన్నాను. అది కరెంటు వస్తే మళ్ళీ తనే మొదలవుతుంది. మన ప్రాంతానికి ఖరీదైన డిజిటల్ కన్నా ఈ చవక రకమే మేలు, ఇది నా గట్టి అభిప్రాయం. మీది ఏ రకమో చూసుకోండి. పిడి రకమైనా మధ్యలో కరెంటు పోయిందా, పోతే తిరిగి ఎప్పుడు వచ్చిందన్నది తెలియాలిగా? అదే బోర్డుకు కరెంటుతో నడిచే చిన్న డిజిటల్ గడియారం ఒకటి గుచ్చి ఉంచండి, బ్యాటరీ లేకుండా. కరెంటు పోయి వస్తే అది పన్నెండు నుంచి లెక్క మొదలుపెడుతుంది. పొద్దున లేచి చూస్తే రెండు చూపిస్తోందంటే, కరెంటు వచ్చి రెండు గంటలే అయిందని అర్థం. కూర బాగా వేడెక్కాక పోయిన కరెంటు గంట లోపు తిరిగి వచ్చేస్తే, మూత తియ్యకుండా ఉంచితే చాలు. అంతకన్నా ఎక్కువైతే మెలకువ వచ్చిన వెంటనే గిన్నెలోకి ఒంపి గ్యాసు మీద పూర్తి చెయ్యండి. ఎన్ని గంటలు పోయిందో తెలియకపోతే పారబొయ్యండి. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే ఇంకా హాయి. 200 వాట్లు అంటే మూడు సీలింగ్ ఫ్యాన్లంత, గంటో రెండు గంటలో మోస్తుంది. అయితే మీ కుండ గుచ్చిన సాకెట్ ఇన్వర్టర్ లైనులో ఉందో లేదో ముందే చూసుకోవాలి.

2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను మా పక్కనే గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు. అప్పటికి ఈ కుండ లేదు గానీ, ఉన్నా ఏం లాభం! అప్పుడు మా అత్తగారు పెరట్లో ఇటుకలు పేర్చి, పిడకలు కాల్చి, నిప్పుల మీద మట్టి దాక పెట్టారు. ఆమె చిన్నప్పటి దాలి అది. దాలిగుంట మీద పాలకుండ పొద్దున పెడితే సాయంత్రానికి మీగడ ఎర్రగా, అరచేయంత మందాన కట్టేదని ఇప్పటికీ చెబుతారు. మన ఆడవాళ్ళకు సన్నటి సెగ మీద రోజంతా వండటం కొత్తేమీ కాదు. పూరీ జగన్నాథుడి కోవెల్లో మట్టి కుండలు ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టెల పొయ్యి మీద వండుతారు కదా, అక్కడా మూత తీసి కలిపేవాడు ఎవడూ ఉండడు. ఈ కరెంటు కుండను కనిపెట్టిన ఇర్వింగ్ నాక్సన్ అనే అమెరికా ఆయన కూడా అలాంటి ఇంటి కథ వినే తయారు చేశాడు. లిథువేనియాలో యూదులు శుక్రవారం సాయంత్రం గింజలూ మాంసమూ కుండలో పెట్టి ఊరి రొట్టెల బట్టీలో వదిలేసేవారట, శనివారం వాళ్ళకు నిప్పు రాజెయ్యకూడదు కాబట్టి. ఆయన పేటెంటు కోసం దరఖాస్తు పెట్టింది 1936లో. మన గంజాం, పర్లాకిమిడి మద్రాసు నుంచి ఒడిశాలోకి మారింది కూడా ఆ ఏడాదే. రెండింటికీ సంబంధం లేదు, నాకలా గుర్తుండిపోయింది.

సరే, వంటల్లోకి వద్దాం. రాత్రి పెట్టడానికి నేను నమ్ముకున్నవి అయిదే.

దాల్మా. ఒడిశాలో ఉంటూ దీనితో మొదలుపెట్టకపోతే ఎలా? ఒక గ్లాసు కందిపప్పు సాయంత్రం బడి నుంచి రాగానే నానబెట్టండి. రాత్రి అన్నాలయ్యాక కుండ అడుగున కంద ముక్కలు, పచ్చి అరటికాయ, పచ్చి బొప్పాయి (కూరలమ్మే ఒడియా ఆమెను అమృతభండా అని అడగండి, లేతది ఇస్తుంది) పరిచి, వాటి మీద వడగట్టిన పప్పు, చిటికెడు పసుపు, బిరియానీ ఆకు వేసి, మూడు గ్లాసుల మరిగే నీళ్ళు పొయ్యండి. గుమ్మడికాయ ముక్కలు మాత్రం పెద్దవిగా కోసి అన్నిటికన్నా పైన వెయ్యాలి, లేకపోతే పొద్దునకి కనిపించవు. వంకాయ వెయ్యాలనుంటే కాయకు రెండే ముక్కలు. ఉప్పు పొద్దున. 'లో' మీద ఎనిమిది గంటలు.

పొద్దున గరిటెతో ఒక్కసారి నలపండి, చాలు. నెయ్యిలో ఎండుమిర్చి, పంచఫుటణ వేయించి పొయ్యండి. మీకు తెలియనిదేం కాదు, ఆవాలు, జీలకర్ర, మెంతులు, సోపు, కలౌంజీ. మీద జీలకర్రా ఎండుమిర్చీ దోరగా వేయించి దంచిన పొడి, కొబ్బరి కోరు. ఆ పొడి రాత్రే కుండలో వేశారా, పొద్దునకు వాసనంతా చచ్చిపోతుంది. ఈ కుండలో పొడి మసాలాలన్నీ చివర్లో వెయ్యాల్సినవే. చెక్క, లవంగం లాంటి పొడి చెయ్యని దినుసులు మాత్రం రాత్రంతా ఊరి ఘాటెక్కుతాయి, వాటిని మామూలుగా వేసేదాంట్లో సగమే వెయ్యండి. మీ పప్పుచారు కూడా ఇదే దారి: పప్పు, ముక్కలు రాత్రి ఉడకనివ్వండి, చింతపండు పులుసు, టమాటా, ఉప్పు, పోపు పొద్దున గ్యాసు మీద పది నిమిషాలు.

ఉలవచారు. ఈ కుండ ఉలవచారు కోసమే పుట్టిందనిపిస్తుంది. ఒక గ్లాసు ఉలవలు రాళ్ళు లేకుండా ఏరి, పొద్దున బడికి వెళ్ళేముందు నానబెట్టండి. రాత్రి ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో గ్యాసు మీద పది నిమిషాలు కుతకుత ఉడికించి, ఆ తర్వాత కుండలోకి మార్చండి. మొత్తం ఆరు గ్లాసుల నీళ్ళు. పది గంటలు. పొద్దున వడగడితే ఎర్రటి కట్టు దిగుతుంది. ఇక్కడ ఒక మాట. ఈ కుండలో ఆవిరి బయటికి పోదు, చారు తనంతట తాను చిక్కబడదు. దాన్ని గిన్నెలోకి ఒంపి, చింతపండు, ఉల్లిపాయ, కాస్త బెల్లం, పోపు వేసి సగానికి మరిగించాలి. అది ఆదివారం పని. మామూలు రోజుల్లో నేను కట్టు వడగట్టి ఫ్రిజ్‌లో పెట్టుకుని రాత్రి వచ్చాక మరిగిస్తాను. మిగిలిన ఉలవలకు పోపు పెడితే పిల్లల కేరేజీలోకి గుగ్గిళ్ళు. తినకపోతే రుబ్బి వడలు. మా మనవడు వడలైతే తింటాడు, గుగ్గిళ్ళంటే పరిగెడతాడు.

మటన్. మా పెద్ద బజారు మాంసం కొట్లో మంచి లేత తొడ మాంసం ఇస్తానంటే వద్దని, మెడ, ముంజేతి ముక్కలు, ఎముక ఉన్నవి అడుగుతాను. కొట్టువాడు మొదట నన్ను వింతగా చూసేవాడు. లేత మాంసం ఈ కుండలో పీచుపీచుగా అయిపోతుంది. గట్టి మాంసమే ఎనిమిది గంటలకు జిగురు కరిగి, పులుసుకు ఆ చిక్కదనం వస్తుంది. కానీ ఒక్క పని మాత్రం ఎగ్గొట్టకూడదు: ఉల్లిపాయలు వేయించడం. పచ్చివి కుండలో పడేస్తే పొద్దునకి ఉడికిన ఉల్లిపాయ కంపు తప్ప ఏమీ ఉండదు. వేయింపు రుచి రావాలంటే సెగ బాగా తగలాలి, ఈ కుండలో అంత సెగ ఎప్పటికీ రాదు. నాలుగు ఉల్లిపాయలు ఆవనూనెలోనో, మన పల్లీ నూనెలోనో ఎర్రగా వేయించి, అల్లం వెల్లుల్లి పచ్చివాసన పోయాక, కారం, పసుపు, ఉప్పు వేసి, మాంసం కూడా అయిదు నిమిషాలు తిప్పి కుండలో పొయ్యండి. నేను ఆదివారం ఒకేసారి కిలో ఉల్లిపాయలు వేయించి డబ్బాలో పెట్టేస్తాను, వారమంతా అదే నా మసాలా. కిలో మాంసానికి అర గ్లాసు వేడి నీళ్ళు దాటొద్దు, మాంసమే నీరు వదులుతుంది. అడుగున సగానికి కోసిన బంగాళాదుంపలు, ఒడియా పద్ధతి. 'లో' మీద ఎనిమిది గంటలు, 'హై' మీద అయిదు. గరం మసాలా పొద్దున. గోంగూర కావాలంటే విడిగా మగ్గించి చివర్లో కలపండి. మూత మీద మైదాపిండి చుట్టి మట్టి కుండలో చేసే హండి మాంసం పొగ వాసన దీనికి రాదు. ఆశపడకండి. మిగతా అంతా వస్తుంది.

బ్రాయిలర్ కోడి రాత్రంతా పెట్టకండి, పొద్దునకి నారపీచు. నాటుకోడి అయితే మటన్ లెక్కే.

ఘుగుని. తెల్ల బఠాణీలు పగలంతా నానబెట్టి, పది నిమిషాలు గ్యాసు మీద మరిగించి, మునిగేదాకా నీళ్ళతో రాత్రంతా. పొద్దున వేయించిన ఉల్లి మసాలా కలిపి, కొత్తిమీర చల్లితే, మరమరాలతో టిఫిను. ఇడ్లీ పిండి అయిపోయిన రోజున మా ఇంటి దిక్కు ఇదే.

అయిదోది చోడి (రాగి) అంబలి, ఎండాకాలానికి. ఇక్కడ కొరాపుట్ వైపు మాండియా పేజ్ అంటారు, అదే చోడిపిండి జావ. అర గ్లాసు చోడిపిండి ముందు రోజే నీళ్ళలో కలిపి పులియనివ్వండి. గుప్పెడు బియ్యపు నూకలు వేసి, ఆ పిండి నీళ్ళను అయిదు గ్లాసుల మరిగే నీళ్ళలో ఉండ కట్టకుండా కలిపి, గ్యాసు మీద ఒక్క పొంగు రానిచ్చి కుండలో పొయ్యండి. పొంగు రానివ్వకుండా పోస్తే పిండి అడుగుకు దిగి గట్టి పలకలా కూర్చుంటుంది. ఆరు గంటలు చాలు. పొద్దున చల్లార్చి, మజ్జిగ, ఉప్పు, ఉల్లిపాయ, పచ్చిమిర్చి. మీ వారు పాతపట్నం తీసుకెళ్ళడానికి సీసాలో పోసివ్వొచ్చు.

ఇక ఒక హెచ్చరిక, దీన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకండి. రాజ్మా. నానబెట్టి నేరుగా ఈ కుండలో పెడితే విషం. మాటవరసకు అనడం లేదు, నిజంగానే. పచ్చి రాజ్మాలో ఒక రకం విషపదార్థం ఉంటుంది. గట్టిగా మరిగిస్తే అది పోతుంది, మరగని సెగలో పోదు, సరిపోని వేడికి ఇంకా పెరుగుతుంది కూడా. నాలుగైదు గింజలు తిన్నా గంటల్లో వాంతులు పడతాయి. కనీసం అయిదు గంటలు నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో గ్యాసు మీద అరగంట మరిగించాకే కుండలోకి. నిజం చెప్పాలంటే రాజ్మాకు ప్రెషర్ కుక్కరే సుఖం. ఉలవలకూ బఠాణీలకూ నేను పది నిమిషాల మరుగు చెప్పింది కూడా ఆ జాగ్రత్త కోసమే.

చేప, బెండకాయ, ఆకుకూరలు, అన్నం దీని జోలికి తీసుకురాకండి. పెరుగు, పాలు, కొబ్బరిపాలు రాత్రి పోస్తే విరుగుతాయి, చివర్లో పొయ్యండి. ఫ్రిజ్‌లో గడ్డకట్టిన మాంసం పూర్తిగా కరగకుండా వెయ్యకూడదు. కుండ సగానికి తక్కువ ఉంటే మాడుతుంది, ముప్పావు వంతు దాటితే ఉడకదు. మధ్యలో మూత తీసి చూసే అలవాటు ఉంటే మానుకోవాలి, తీసిన ప్రతిసారీ ఇరవై నిమిషాల వేడి పోయినట్టే. మా అత్తగారిని ఈ ఒక్క విషయంలో మార్చలేకపోయాను, అందుకే గాజు మూత ఉన్నది కొన్నాం. లోపలి పింగాణీ కుండను గ్యాసు మీద పెట్టకండి, వేడిగా ఉండగా తడి గట్టు మీద దించకండి, చల్లనీళ్ళు పొయ్యకండి. మొదటి కుండను నేను అలాగే పగలగొట్టాను, సింకులో పెట్టి కుళాయి తిప్పగానే టప్పుమంది. మిగిలిన కూరను అదే కుండతో ఫ్రిజ్‌లో పెట్టొద్దు. చిన్న గిన్నెల్లోకి తీసి రెండు గంటల లోపు ఫ్రిజ్‌లోకి, మర్నాడు వేడి చెయ్యడం గ్యాసు మీదే.

దీనితో డబ్బు మిగులుతుందా అని అడుగుతారేమో. మిగలదు, పెద్దగా. 200 వాట్ల కుండ పది గంటలు నడిస్తే రెండు యూనిట్లు. ప్రెషర్ కుక్కర్లో ఇరవై నిమిషాల పప్పుకు అయ్యే గ్యాసుతో పోలిస్తే పప్పు వరకు ఇదే ఖరీదు. మటన్, ఉలవల దగ్గర సమానమవుతుంది. ఇది డబ్బు మిగిల్చే వస్తువు కాదు, పొద్దున అయిదున్నర నుంచి ఏడు దాకా ఉండే టెన్షన్ తగ్గించే వస్తువు. వారానికి మూడు రాత్రులు పెట్టుకుంటే చాలు. రోజూ పెడితే ఇంట్లోవాళ్ళకు మొహం మొత్తుతుంది. మెత్తటి కూరలే తిని తిని, మా ఆయన ఒకసారి "ఈ రోజు ఏదైనా నమిలేది పెట్టు" అన్నారు.

ముందు నీళ్ళ పరీక్ష చెయ్యండి. ఎన్ని డిగ్రీలు వచ్చిందో, మీ కుండ పిడి రకమో బటన్ల రకమో నాకు రాయండి. 85 దాటితే శనివారం పొద్దున ఉలవలు నానబెట్టండి. ఆ రాత్రి పెడితే ఆదివారం తీరిగ్గా మరిగించుకోవచ్చు, తప్పు జరిగినా కేరేజీల గొడవ ఉండదు.